గోల మధ్యలో గుట్టుగా: రాక్ షోని జనంలో నిలబడి రికార్డ్ చేయడం

ఫోన్ పైకెత్తి పట్టుకుని రెండు గంటలు వీడియో తీసేవాళ్ల కోసం కాదిది, ముందే చెప్పేస్తున్నా. ఆ వీడియో ఇంటికెళ్లాక తీసినవాళ్లు కూడా చూడరు, వెనకున్నవాళ్లకి మాత్రం స్టేజీ బదులు వాళ్ల మోచెయ్యి కనిపిస్తుంది. నేను చెప్పేది ఒట్టి ఆడియో సంగతి. తోపులాట, ఈలలు, చెమట, వీటన్నిటి మధ్య నిలబడి, పక్కవాడికి కూడా తెలియకుండా, ఆ రాత్రి షో ఎలా వినిపించిందో అలాగే ఇంటికి తెచ్చుకోవడం.

నేను మొదటిసారి చేసింది బెంగళూరులో. హైదరాబాద్ నుంచి రాత్రి బస్సెక్కి ఒక మెటల్ షోకి వెళ్లాను, చొక్కా జేబులో చిన్న రికార్డర్, దానికి గుచ్చిన బయటి మైకులు పెట్టుకుని. తిరుగు బస్సులో అనంతపురం కూడా రాకముందే ఆత్రం ఆగక ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నా. డ్రమ్స్ మొదలయ్యేదాకా బ్రహ్మాండం. కిక్ డ్రమ్ పడగానే రేకుల షెడ్డు మీద కంకర కుమ్మరించినట్టు గరగర, ఆ గరగర కింద గిటారు ఉందో లేదో కూడా తెలీదు, గంటన్నర మొత్తం అంతే. విచిత్రం ఏంటంటే షోలో మధ్య మధ్యలో మీటర్ చూసుకుంటూనే ఉన్నా, ఎక్కడా ఎరుపులోకి పోలేదు. మరి ఎక్కడ పగిలింది?

దీని జవాబు తెలిస్తే సగం పని అయిపోయినట్టే. శబ్దం మొదట మైకు లోపలికి వెళ్తుంది, అక్కడి నుంచి ప్రీఆంప్‌కి (మైకు నుంచి వచ్చే సన్నని సిగ్నల్‌ని పెంచే భాగం), ఆ తర్వాతే మీరు చూసే మీటర్‌కి. రాక్ షోలో స్పీకర్ల ముందు 100 నుంచి 110 డెసిబెల్స్ మామూలు, అందులోనూ బేస్ చాలా ఎక్కువ. చిన్న మైకు ఆ ఒత్తిడి తట్టుకోలేకపోతే, లేదా మైకు నుంచి వచ్చే సిగ్నల్‌ని ప్రీఆంప్ మోయలేకపోతే, శబ్దం అక్కడే పగిలిపోతుంది. పగిలిన శబ్దాన్నే మీరు గెయిన్ (సిగ్నల్‌ని ఎంత పెంచాలన్న సెట్టింగు) తగ్గించి తక్కువ లెవెల్లో రికార్డ్ చేస్తారు. మీటర్ పచ్చగానే ఉంటుంది. విరిగిన కుండలో నీళ్లు తక్కువ పోస్తే కారదనుకోవడం లాంటిదే ఇది కూడా. ఇప్పుడు ఎంత పెద్ద శబ్దమైనా ఫైలులో పగలకుండా పట్టే 32-బిట్ ఫ్లోట్ రికార్డర్లు వచ్చాయి, లెవెల్ గురించి అసలు టెన్షనే అక్కర్లేదంటారు, అది రికార్డర్ వరకు నిజమే కానీ మైకు తనంతట తాను పగిలితే ఏ ఫ్లోట్ కూడా అతికించలేదు.

సరే, దొంగచాటు సంగతి. ప్రతి షోనీ దొంగచాటుగా తీయాల్సిన పని లేదు. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికన్ బ్యాండు 1984లోనే రికార్డ్ చేసుకునే అభిమానులకి ప్రత్యేకంగా చోటు కేటాయించింది, సౌండ్ మిక్సర్ (గొంతులూ వాద్యాలూ కలిపి సరిచేసే బల్ల) వెనకాల మైకు స్టాండ్ల అడవి ఉండేదక్కడ. అమ్ముకోకుండా పంచుకోండి అన్నదే వాళ్ల షరతు. ఇప్పటికీ చాలా బ్యాండ్లు అదే పద్ధతిలో ఒప్పుకుంటాయి, ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత ఆన్‌లైన్ భాండాగారంలో అలా అనుమతి ఉన్న బ్యాండ్ల రికార్డింగులు కుప్పలు తెప్పలుగా ఉన్నాయి. కాబట్టి ముందు బ్యాండు ఏమంటుందో చూడండి. మన హైదరాబాద్ పబ్బుల్లో వాయించే కుర్రాళ్లయితే సౌండ్ చెక్ టైముకి వెళ్లి "అన్నా, ఇవాళ షో రికార్డ్ చేసుకుంటా, ఫైలు నీక్కూడా పంపిస్తా" అంటే పదిమందిలో తొమ్మిదిమంది సంతోషిస్తారు. మన 1957 కాపీరైట్ చట్టం 39వ సెక్షన్‌లో, తన సొంత వాడకానికి రికార్డ్ చేసుకుంటే ప్రదర్శనకారుల హక్కులు ఉల్లంఘించినట్టు కాదని ఉంది. దాన్ని అమ్మడం, జనానికి పెట్టడం వేరే సంగతి. అమెరికాలో అయితే 1994 నుంచి అనుమతి లేని లైవ్ రికార్డింగుల మీద విడిగా చట్టమే ఉంది, అక్కడ షోలకి వెళ్లే మనవాళ్లు గుర్తుపెట్టుకోండి. చట్టం ఏదన్నా టికెట్ మీద రికార్డింగ్ నిషేధం అని రాసి ఉంటే బయటికి పొమ్మనే హక్కు వాళ్లకుంది. సెక్యూరిటీ అతను అడిగితే చూపించండి, ఆపమంటే ఆపండి, వాదన పెట్టుకోకండి. అతని జీతం మీ ఫైలు కన్నా ముఖ్యం.

మరి అనుమతి ఉన్నప్పుడు గుట్టు ఎందుకు? రికార్డింగ్ కోసం. మైకు కనిపిస్తే చాలు, జనం దాంట్లోకి అరుస్తారు. నేను ఒకసారి కాలర్‌కి నల్ల స్పాంజితో సహా పెట్టుకుని వెళ్తే పక్కనున్న ఒకాయన రెండు పాటల పాటు నా మెడ దగ్గరికొచ్చి "హలో, మైక్ టెస్టింగ్" అంటూనే ఉన్నాడు. ఆ రెండు పాటలూ ఇంకా నా దగ్గరున్నాయి, ఆయనతో సహా.

"మిక్సర్ నుంచి వైరు తీసుకుంటే అయిపోతుంది కదా" అని చాలామంది అడుగుతారు. పెద్ద స్టేడియంలో అయితే కొంతవరకు నిజం. చిన్న పబ్బులో గిటారు ఆంప్లిఫయరూ డ్రమ్సూ వాటంతటవే హాలు నిండా మోగుతాయి, మిక్సర్‌లోకి ప్రధానంగా గొంతే వెళ్తుంది. ఆ ఫీడ్ వింటే పాడేవాడు బాత్రూంలో పాడుతుంటే పక్కింట్లో ఎవరో గిటారు వాయిస్తున్నట్టు ఉంటుంది. జనంలోంచి తీసిన దానికుండే ప్రాణం వేరు. 1970లో న్యూయార్క్‌లోని మ్యాక్సెస్ కాన్సాస్ సిటీ అనే చోట వెల్వెట్ అండర్‌గ్రౌండ్ అనే బ్యాండు వాయించినప్పుడు వాళ్ల స్నేహితురాలు టేబుల్ దగ్గర మామూలు క్యాసెట్ రికార్డర్‌తో తీసింది, అదే 1972లో ఆల్బమ్‌గా వచ్చింది. పాటల మధ్య ఎవరో డ్రింక్స్ తెమ్మని అడగడం కూడా వినిపిస్తుంది అందులో. నాకైతే ఆ మాటల వల్లే ఆ గది కళ్లకు కడుతుంది.

ఇక సామాన్లు. 1970ల్లో లాస్ ఏంజెలెస్‌లో మైక్ మిల్లార్డ్ అనే ఆయన పెద్ద నకామిచి క్యాసెట్ డెక్‌ని చక్రాల కుర్చీలో దాచుకుని లెడ్ జెప్పెలిన్ అనే బ్రిటిష్ బ్యాండు షోలు తీసేవాడు, 1977 జూన్‌లో ఆయన తీసిన టేపు కోసం ఇప్పటికీ జనం పడి చస్తారు. అంత నాటకం ఇప్పుడు అక్కర్లేదు. సోనీ పీసీఎం-ఏ10, జూమ్ హెచ్1ఎన్, టాస్కామ్ డీఆర్-05 లాంటివి జేబులో పడతాయి, సెకండ్ హ్యాండ్‌లో దొరికినా తీసుకోవచ్చు. చూడాల్సింది రెండే: బయటి మైకు గుచ్చుకునే 3.5 మిల్లీమీటర్ల రంధ్రం ఉండాలి, రికార్డింగ్ లెవెల్ చేత్తో పెట్టుకునే వీలుండాలి. రికార్డర్‌కి ఉన్న సొంత మైకులు జేబులో పెడితే పనికిరావు, గుడ్డ రాపిడి తప్ప ఇంకేమీ రాదు.

ఫోన్ ఒక్కటే ఉంటే? కుదురుతుంది, కానీ ఫోన్ మైకు మాటల కోసం పుట్టింది, శబ్దం పెరగగానే తనే లెవెల్ తగ్గించేస్తుంది, ఆగగానే పెంచేస్తుంది, పాటంతా ఊపిరి పీల్చి వదిలినట్టు ఉంటుంది. గెయిన్ చేత్తో పెట్టనిచ్చే యాప్ వేసుకుని, బాగా తగ్గించి, వెనక వరసల్లో నిలబడితే వినగలిగేది వస్తుంది.

మైకులు మాత్రం కొనాల్సిందే, రెండు, చొక్కాకి పెట్టుకునే చిన్న సైజువి, అన్ని వైపుల నుంచీ వినేవి, అంటే ఓమ్నీ రకం. డీపీఏ 4060 జతకి చాలా పేరుంది కానీ ధర చూస్తే గిటారే కొనుక్కోవచ్చు అనిపిస్తుంది. చవకవాటిలో ఎంత పెద్ద శబ్దం తట్టుకుంటుందో డబ్బా మీదో కాగితంలోనో చూడండి, 120 డెసిబెల్స్ కన్నా తక్కువ ఉంటే వదిలేయండి, 130 దాటితే హాయి. ఒకవైపే వినే కార్డియాయిడ్ తీసుకుంటే జనం గోల తగ్గుతుంది కదా అని నేనూ కొన్నాను ఒకసారి. వాటికి వెనకవైపు చిన్న చిన్న రంధ్రాలుంటాయి, ఆ రంధ్రాల వల్లే అది ఒకవైపే వింటుంది, టోపీకో చొక్కాకో ఆనించి పెడితే అవి మూసుకుపోయి బేస్ లేని డొల్ల శబ్దం వస్తుంది. గాలికీ రాపిడికీ కూడా ఓమ్నీయే నయం.

ఇప్పుడు అసలు కిటుకు, బ్యాటరీ బాక్స్. రికార్డర్ తన మైక్ రంధ్రం లోంచి ఈ చిన్న మైకులకి రెండు మూడు వోల్టులే ఇస్తుంది. బ్యాటరీ బాక్స్ ద్వారా 9 వోల్టులిస్తే అదే మైకు ఇంకా పెద్ద శబ్దాన్ని పగలకుండా మోస్తుంది. పైగా సిగ్నల్‌ని మైక్ ఇన్‌లోకి కాకుండా లైన్ ఇన్‌లోకి (పెద్ద సిగ్నళ్ల కోసం ఉన్న దారి) పంపొచ్చు, అప్పుడు ఆ బలహీనమైన ప్రీఆంప్ గోల కూడా తప్పుతుంది. కొన్ని రికార్డర్లలో ఒకే రంధ్రాన్ని మెనూలో మైక్ నుంచి లైన్‌కి మార్చుకోవాలి, నేను బెంగళూరులో మార్చనిది అదే. బాక్స్ కొనొచ్చు, సోల్డరింగ్ వస్తే కోఠి గుజరాతీ గల్లీలో సామాన్లు తెచ్చుకుని ఒక ఆదివారం చేసుకోవచ్చు: 9 వోల్టుల బ్యాటరీ, ఒక్కో మైకుకి ఒక రెసిస్టర్ (ఎంత విలువో మైకు కాగితంలో చూడండి, సాధారణంగా 2.2 కిలో ఓమ్స్ నుంచి 10 మధ్య), ఒక్కో మైకుకి ఒక కెపాసిటర్, రెండు జాకులు. రెసిస్టర్ ద్వారా మైకుకి కరెంటు, మైకు నుంచి కెపాసిటర్ ద్వారా రికార్డర్‌కి శబ్దం, గ్రౌండ్ అన్నిటికీ ఒకటే.

ఆ కెపాసిటర్‌తోనే బేస్ కూడా కోయొచ్చు, ఇది నాకు తెగ నచ్చే సంగతి. లైన్ ఇన్ నిరోధం 10 కిలో ఓమ్స్ అనుకుంటే, 1 మైక్రోఫారడ్ పెడితే దాదాపు 16 హెర్ట్జ్ నుంచీ అంతా వస్తుంది. 0.22 పెడితే 70 హెర్ట్జ్ దగ్గర నుంచి కిందిది నెమ్మదిగా తగ్గుతుంది. సబ్‌వూఫర్లు ఛాతీ మీద గుద్దే షోలకి నేను 0.22 వాడతాను, అకూస్టిక్ వాటికి 1. రికార్డర్ మెనూలో ఉండే లో కట్ (బేస్ కోసే సెట్టింగు) చాలావాటిలో ప్రీఆంప్ దాటాక పనిచేస్తుంది, పగిలేది ఆలోపే పగిలిపోతుంది కాబట్టి దాన్ని నమ్ముకోకండి.

మైకులు పెట్టుకునే చోటు. నాకు కుదిరింది టోపీ. చెవులకి పైన, రెండు కణతల దగ్గర, టోపీ అంచు లోపల మెడికల్ షాపులో దొరికే మైక్రోపోర్ టేపుతో అంటించి, బయటికి మైకు మొన మాత్రం గుడ్డ పక్కన కనీకనిపించకుండా ఉంచుతాను. మధ్యలో మన తలే ఉంటుంది కాబట్టి ఇయర్‌ఫోన్స్‌లో వింటే అక్కడే నిలబడినట్టు ఉంటుంది. వైరు టోపీ వెనక నుంచి చొక్కా లోపలికి, మెడ దగ్గర ఒక చుట్టు వదులుగా వదిలి పిన్నీసు పెట్టాలి, లేకపోతే తల తిప్పిన ప్రతిసారీ లాగి టక్ టక్ మంటుంది. టోపీ పడనివాళ్లు భుజాల మీద, చొక్కా కుట్టు దగ్గర పెట్టుకోవచ్చు, అప్పుడు మీ ముందు నిలబడేవాడు ఆరడుగులోడు కాకూడదని దండం పెట్టుకోండి.

మైకు స్టాండ్ మీ ఒళ్లే. స్టాండ్ చప్పట్లు కొట్టదు, పాడదు, తల ఊపదు. మీరు తల కుడివైపు తిప్పితే మొత్తం బ్యాండు ఎడమవైపు జరుగుతుంది. చప్పట్లు కొట్టాలనిపిస్తే చేతులు పైకెత్తి తగలకుండా ఆపేయండి, పక్కనవాళ్లు మీరూ ఊగిపోతున్నారనే అనుకుంటారు. ఇష్టమైన పాట వచ్చినప్పుడు గొంతు కలపకుండా ఉండటం మాత్రం నిజంగా కష్టం, నా మూడో రికార్డింగ్‌లో కోరస్ మొత్తం నా గొంతే, అదీ శ్రుతి లేకుండా. ఫ్రెండ్స్‌తో వెళ్తే ముందే చెప్పండి, లేదా వాళ్లని మాష్ పిట్‌లోకి (జనం గుద్దుకుంటూ గెంతే గుండ్రం) పంపి మీరు విడిగా నిలబడండి.

ఎక్కడ నిలబడాలి? హాల్లో సౌండ్ మిక్సర్ ఎక్కడుందో వెతకండి. దాని వెనక కూర్చున్న మనిషి తనకి వినిపించేదాన్ని బట్టే మొత్తం సరిచేస్తాడు, కాబట్టి ఆయనకి నాలుగైదు అడుగుల ముందు, రెండు స్పీకర్ల దొంతరలకీ సమ దూరంలో నిలబడితే ఆయన విన్నదే మీకూ వస్తుంది. స్టేజీ రెయిలింగ్ దగ్గరికి వెళ్తే డ్రమ్స్, గిటారు ఆంప్‌లు తప్ప గొంతు వినిపించదు. బాల్కనీ కింద, గోడ పక్కన, మూలల్లో బేస్ కుప్ప పడుతుంది. బార్ దగ్గర గ్లాసులు, ఆర్డర్లు, బ్రేకప్ కథలు. ఈలేసేవాడు పక్కన చేరితే మొహమాటపడకుండా జరిగిపోండి, వేళ్లతో వేసే ఈల ఒక్కటి చాలు పాటని చీల్చడానికి. తోపులాట ఎటు పెరుగుతుందో మొదటి రెండు పాటల్లో తెలిసిపోతుంది, ఆ గుండ్రానికి పదడుగులు అవతల ఉంటే ఆ అరుపులు కూడా అందంగా వస్తాయి.

షో రోజు ఇంట్లో చేసుకునే పనులు గబగబా చెప్తాను. బ్యాటరీలు కొత్తవి వేయండి, కార్డు ఫార్మాట్ చేయండి, 24-బిట్, 48 కిలోహెర్ట్జ్, వేవ్ ఫైలు పెట్టండి, గంటకి దాదాపు 1 జీబీ అవుతుంది. ఆటో లెవెల్, లిమిటర్ (పెద్ద శబ్దాన్ని నొక్కేసేది), బటన్ నొక్కితే వచ్చే బీప్, అన్నీ ఆపేయండి. ఎర్ర లైటు మీద నల్ల టేపు ముక్క అంటించండి, చీకట్లో జేబులోంచి వెలిగితే గుండె మీద దీపం పెట్టుకున్నట్టు ఉంటుంది. వానాకాలం మైదానంలో షో అయితే రికార్డర్‌కి ఒక జిప్ కవర్. బ్యాగు తీసుకెళ్లకండి, గేటు దగ్గర తడిమేటప్పుడు బ్యాగు ఉన్నవాళ్లకే ఎక్కువ ఆలస్యం.

లోపలికెళ్లాక, ముందు వాయించే బ్యాండుకి లెవెల్ పెట్టుకోండి, మీటర్ గరిష్ఠంగా మైనస్ 18 డెసిబెల్స్ దగ్గర ఆడేలా. అసలు బ్యాండు వచ్చాక సౌండ్ కచ్చితంగా పెంచుతారు, అప్పుడది మైనస్ 10, 12 దగ్గరికి వస్తుంది, సరిపోతుంది. 24-బిట్‌లో తక్కువ లెవెల్లో తీస్తే పోయేదేమీ లేదు, ఇంటికొచ్చి పెంచుకోవచ్చు. లైట్లు ఆరకముందే రికార్డ్ నొక్కి హోల్డ్ స్విచ్ (బటన్లు పనిచేయకుండా బిగించేది) వేసేయండి, జిప్ ఉన్న జేబులో పెట్టండి, ఇక ముట్టుకోకండి. మధ్యలో తీసి చూసుకోవాలని చేతులు దురద పెడతాయి. నాకు తెలిసిన ఒకబ్బాయి అలా చూసుకోబోయి స్టాప్ నొక్కేశాడు, అది తెలిసేసరికి జనం పార్కింగ్‌కి నడుస్తున్నారు. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, రికార్డర్‌కి ఎదురు జేబులో ఉంచండి, లేకపోతే గిటారు సోలో మధ్యలో టిట్టిటి టిట్టిటి అని సిగ్నల్ గోల ఎక్కుతుంది.

చెవులకి ఇయర్ ప్లగ్స్ పెట్టుకోండి. అమెరికాలో పనిచోట ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు ఉండొచ్చు, అక్కడి నుంచి 3 పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది, 100 దగ్గర పావుగంటే. మీరు ఉండేది రెండు గంటలు. తర్వాత ఈ రికార్డింగ్ వినడానికి చెవులు కావాలి కదా.

ఇంటికొచ్చాక నిద్రపోయేలోపు ఫైలుని రెండు చోట్లకి కాపీ చేయండి, అది అయ్యేదాకా కార్డు ముట్టుకోవద్దు. మిగతా పని మర్నాడు ఆడాసిటీలో, అది ఉచితమే. ఒరిజినల్‌ని అలాగే ఉంచి కాపీ మీద చేయండి. 30 హెర్ట్జ్ కింద ఉన్నది తీసేయండి, అది పాట కాదు, నేల అదురు. పక్కనవాళ్ల చప్పట్లు తెర మీద సూదుల్లా పైకి పొడుచుకొచ్చి కనిపిస్తాయి, ఒక్కోదాన్నీ ఎంచుకుని విడిగా తగ్గించండి, ఓపిక ఉంటే చాలు, ఆ తర్వాత మొత్తం లెవెల్ హాయిగా పెంచుకోవచ్చు. శబ్దం మందంగా, దుప్పటి కప్పినట్టు ఉంటే 200-300 హెర్ట్జ్ ప్రాంతంలో రెండు మూడు డెసిబెల్స్ తగ్గించి చూడండి. నాయిస్ రిడక్షన్ జోలికి మాత్రం పోకండి, జనం గోల పోదు సరికదా డ్రమ్స్‌తో మోగే సింబల్స్ (పళ్లేల్లాంటి తాళాలు) నీళ్లలో మోగినట్టు అవుతాయి. పాటలు విడగొట్టి ఫ్లాక్‌లో (నాణ్యత పోకుండా సైజు తగ్గించే ఫైలు రకం) దాచుకోండి. ఎంపీ3 చేసి ఒరిజినల్ తీసేసినవాణ్ణి నేను క్షమించను, వాట్సాప్‌లో ఆడియోగా పంపినవాణ్ణి కూడా.

బ్యాండు వాళ్లకి పంపుతానని మాటిచ్చి ఉంటే ముందు వాళ్లకే పంపండి, బయట ఎక్కడ పెట్టాలన్నా వాళ్లనడిగాకే. ఫైళ్లతో పాటు ఒక చిన్న టెక్స్ట్ ఫైలు పెట్టండి: తేదీ, ఊరు, హాలు, పాటల వరస, ఏ మైకులు, ఏ రికార్డర్, మైక్ ఇన్‌లోకా లైన్ ఇన్‌లోకా, ఎక్కడ నిలబడ్డారు, తర్వాత ఏం మార్చారు. ఆరు నెలల తర్వాత మీకే గుర్తుండదు. నా మొదటి బెంగళూరు ఫోల్డర్‌లో కంకర గరగరతో పాటు ఆ టెక్స్ట్ ఫైలు కూడా ఉంది, అందులో ఉన్నది ఒకే ఒక్క వరస: "మీటర్ అంతా పచ్చగానే ఉంది, మరెందుకిలా?"